గులాబీ రంగు మీద మా ఊరు

ఫిబ్రవరి 13, 1951

చెంచమ్మ ఇవాళ ఊరి బావిలో బొక్కెన వేసింది.

బడి వదిలాక అర్జీలు రాసి రాసి నా వేలు కాయ కాసింది. ఉదయగిరి తాలూకా ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో. చివరికి తాసీల్దారు గారే వచ్చి బావి గట్టున నిలబడ్డారు. పెద్దరెడ్డి కొంచెం దూరంగా కర్ర ఆనించుకుని ఉన్నాడు. ఊరికి మునసబు. ఆ బావి వాళ్ళ నాయన తవ్వించింది. గొడవ జరుగుతుందనే అనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. గిలక చప్పుడు ఒక్కటే.

వాగు ఒడ్డు గుడిసెల్లోని చెంచమ్మ వాళ్ళు, యానాదులు, ఊరి బావి ముట్టనివ్వక ఇన్నేళ్ళూ ఇసుకలో చెలమ తవ్వుకుని తాగారు. ఎండలు ముదిరితే చెలమ మనిషి లోతుకు దిగుతుంది. చిప్పతో కొంచెం కొంచెంగా తోడుకుంటూ కూర్చోవాలి. కడవ నిండేసరికి పొద్దెక్కుతుంది. ఇక ఆ బాధ లేదు. ఊరి బావి ఎప్పుడూ ఎండదు.

చెంచమ్మ దోసిట్లో పోసుకుని తాగి నావైపు చూసింది. "తియ్యంగుండాయమ్మా."

ఇంటికొచ్చి ఏడ్చాను. సంతోషమే అయుండాలి.

ఫిబ్రవరి 18

ఈయన వచ్చారు. ఆత్మకూరు ఆసుపత్రిలో కాంపౌండరుకి ఆదివారం ఒక్కటే సెలవు. ఉదయగిరి దాకా బస్సు, అక్కణ్ణుంచి నడక. చెప్పులు విడవకముందే బావి సంగతి చెప్పేశాను.

"ఇంక నిన్ను ఈ ఊళ్ళో ఉండనియ్యరు. ట్రాన్స్‌ఫరే" అన్నారు. అంటూనే నవ్వారు. గర్వపడ్డట్టే ఉంది.

ఫిబ్రవరి 26

మా అమ్మాయి రాజ్యానికి పైపళ్ళు పూర్తిగా వచ్చాయి. సుద్దముక్కలా తెల్లటి మచ్చలు, వాటి మధ్య గోధుమరంగు గీతలు. బొగ్గుతో తోమాను. ఉప్పుతో తోమాను. చిగుళ్ళనుంచి నెత్తురొచ్చింది గాని గీత కదల్లేదు.

"అందరికీ అంతే గదమ్మా" అంటుంది. నిజమే. బడిలో ఏ పిల్ల నవ్వినా అవే పళ్ళు. పోయినేడు ఇనస్పెక్టరు గారు పిల్లలకి పళ్ళు తోమించమని నాకు చెప్పి వెళ్ళారు. అప్పట్నుంచి రోజూ పొద్దున బడి ముందు వరసగా కూర్చోబెట్టి తోమిస్తున్నాను. అయినా…

మార్చి 6

బడి పక్కన గుడారం. భూగర్భ సర్వే నుంచి వచ్చినాయన, పేరు మూర్తి. పాతికేళ్ళ వాడిలా ఉన్నాడు, కోస్తా మాట. సుత్తి, దిక్సూచి, సంచుల నిండా రాళ్ళు. ఏ నేల కింద ఏ రాయి ఉందో పటం గీయడం పనట. రాళ్ళు దాచుకోవడానికి వసారా అడిగాడు. ఇచ్చాను.

ఊళ్ళో మాత్రం అభ్రకం కోసం వచ్చాడనే మాట. పెద్దరెడ్డి ఇంటినుంచి అప్పుడే భోజనం క్యారేజీ వచ్చేసింది.

మార్చి 9

పటం చూపించాడు. పిల్లలు రంగులు పులిమినట్టుంది. మా ఊరంతా గులాబీ. కొండవైపు పసుపు. మధ్యమధ్య ఆకుపచ్చ, నలుపు గీతలు.

దీనివల్ల మాలాంటి వాళ్ళకేం లాభం అని అడిగాను. జవాబు చెప్పకుండా లేచి బడి వెనక్కి తీసుకెళ్ళాడు. గోడ పగులు చూపించి, "దీన్ని ఏటేటా పూయిస్తున్నారు కదూ?" అన్నాడు.

ఎలా తెలుసు…

పటంలో గులాబీ రంగు ఆగిపోయి నల్లరేగడి మొదలయ్యే గీత సరిగ్గా మా బడి మీదుగా పోతోంది. సగం గోడ రాతి మీద, సగం రేగడి మీద. వానకి రేగడి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది, రాయి మాత్రం కదలదు. పునాది తీసేముందు ఈ కాగితం ఒకసారి చూసుంటే నాలుగు గజాలు పక్కకి జరిపి కట్టేవాళ్ళట. కట్ట ఎక్కడ వేస్తే చెరువులో నీళ్ళు నిలవవో, రోడ్డుకి రాయి ఎక్కడ దొరుకుతుందో, బావి తవ్వితే ఎక్కడ వట్టిపోతుందో అన్నీ ఇందులోనే చదవొచ్చన్నాడు.

పూత నిలవనందుకు మేస్త్రీని ఎన్ని మాటలన్నానో.

మార్చి 15

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం పెద్దరెడ్డి గుడారం దగ్గరికి వచ్చాడు. "మా మెట్టలో అభ్రకం పడతాదా సామీ?" అంటూ. మూర్తి పక్కనుంచి ఏదో చూపించబోయాడు. పెద్దరెడ్డి మెడ తిప్పలేదు. మనిషి మొత్తం తిరిగాడు, కాళ్ళతో సహా. మాకు అలవాటైన సంగతి. మూర్తి మాత్రం చూస్తూ ఉండిపోయాడు.

"మెడకేమైందండీ?"

"వాతం. మా నాయనకీ ఇంతే. మా అమ్మకి నడుమే లేవదు."

ఆయన వెళ్ళాక మూర్తి రాజ్యాన్ని పిలిచాడు. "ఏదీ, నవ్వమ్మా." అది నవ్వింది. ఆయన నవ్వలేదు.

పటం నేలమీద పరిచి నన్ను అడగడం మొదలుపెట్టాడు. ఊళ్ళో మెడ తిరగనివాళ్ళు ఎవరు, నడుం వంగినవాళ్ళు ఎవరు, గొంతుక్కూర్చోలేనివాళ్ళు ఎవరు. పెద్దరెడ్డి, వాళ్ళ అమ్మ, గానుగ ఇంటి శేషయ్య, బడి ఎదురింటి ముసలాయన… నేను చెబుతుంటే ఆయన ఇల్లిల్లుకీ ఎర్రచుక్క పెడుతున్నాడు. చుక్కలన్నీ గులాబీ మీద గుమికూడాయి. ఇన్నేళ్ళు ఈ వీధుల్లో తిరిగాను. ఇందరని నాకు తెలియదు.

"వాగు ఒడ్డున?"

ఆలోచించాను. చెంచమ్మ అత్త పండుముసలి. ఇప్పటికీ చెరువులో వలేసి లాగుతుంది. అక్కడ ఒక్కరి నడుమూ వంగలేదు. పిల్లల పళ్ళు తెల్లగా ఉంటాయి. ఆ పళ్ళు చూసి నేనే అనుకున్నాను, చేపలు తింటారు గనక అని.

"వాళ్ళు ఏ నీళ్ళు తాగుతారు?"

"మొన్నటిదాకా వాగు చెలమలు."

"మొన్నటిదాకా అంటే?"

చెప్పాలి కదా. చెప్పాను. నేను రాసిన అర్జీలు, తాసీల్దారు గారు, బావి గట్టు… ఆయన పెన్సిలు కింద పెట్టేశాడు.

ఈ గులాబీ రాయిలో కొన్నిచోట్ల ఫ్లోరిన్ ఉన్న ఖనిజం ఉంటుందట. లోతు బావిలో నీళ్ళు ఏళ్ళ తరబడి ఆ రాతి పగుళ్ళలో నానుతాయి. ఆ ఫ్లోరిన్ కొద్దికొద్దిగా నీళ్ళలోకి కరుగుతుంది. రుచి ఉండదు, వాసన ఉండదు. పిల్లలకి పళ్ళలో, పెద్దలకి ఎముకల్లో దిగుతుంది. వాగు ఇసుకలోది వాననీరు, అందులో అంత ఉండకపోవచ్చు.

"పరీక్ష చేయిస్తే గాని చెప్పలేమండీ. ఈ రంగు ఉన్నచోటల్లా ఇలా ఉండదు. ఎక్కడ వెతకాలో మాత్రమే పటం చెబుతుంది" అన్నాడు. నా ముఖం చూసి అన్నాడో ఏమో.

మార్చి 16

గిలక చప్పుడు వినిపిస్తోంది. చెవులు మూసుకుంటే పాఠం చెప్పలేను.

మార్చి 18

ఈయనకి చెప్పాను. "మా ఆసుపత్రికి ఇట్టాంటి వాళ్ళు వస్తానే ఉంటారు. వాతానికి తైలం ఇచ్చి పంపిస్తా ఉండాం" అన్నారు. "ఏ ఊరని అడగలా ఎప్పుడూ."

సీసాలు నాలుగు వైపుల నుంచీ నింపాము. ఊరి బావి, వాగు చెలమ, చెరువు, కొండకింద దిగుడుబావి. ఆత్మకూరు డాక్టరుగారి చీటీతో పరీక్షకి మద్రాసు పంపాలి. ఫలితం వచ్చేదాకా ఊళ్ళో అనవద్దని మూర్తి మాట. ఒట్టి అనుమానంతో ఊరిని బెదరగొట్టకూడదట. సరే అన్నాను.

రాజ్యానికి మాత్రం ఇవాళ్టినుంచి వాగునీళ్ళే. నేనే తెస్తాను.

మార్చి 24

మూర్తి జీపులో మర్రిపాడు దారిన వెళ్ళాం. బయలుదేరకముందే పటం మీద ఒక పల్లె చూపించి, "ఇక్కడా ఇలాంటివాళ్ళు ఉండొచ్చు" అన్నాడు. ఆ పల్లెకి ఆయన ఎప్పుడూ వెళ్ళలేదు. గులాబీ రంగు చూసి అన్నమాట.

ఉన్నారు.

ఒకాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు గడ్డానికి ఆనుతున్నాయి. కూర్చున్నాడనుకున్నాను… అది ఆయన ఆకారం. చాపడం రాదు. చేతులమీద జరుగుతూ మాకు చోటిచ్చాడు. నా ఈడువాడే.

"పుట్టినప్పుడు బాగుండానమ్మా. గొర్రెల ఎంట పరిగెత్తినోణ్ణి. ఎప్పుడు బిగుసుకుందో తెలీలా." నవ్వాడు. ఆ పళ్ళు. రాజ్యం పళ్ళు.

అక్కడికి అరమైలు దూరంలో ఇంకో పల్లె. పటంలో ఆకుపచ్చ, పలకరాయి. ఇంటింటికీ తిరిగాం. ఒక్కరూ లేరు. ముసలివాళ్ళు చెట్టెక్కి చింతకాయ దులుపుతున్నారు. మధ్యలో ఉన్నది ఒక బండిబాట మాత్రమే. బాటకి ఇటు పుట్టడం, అటు పుట్టడం…



మార్చి 30

రాజ్యం అద్దం ముందు. "అమ్మా, వాగునీళ్ళు తాగితే తెల్లగవుతాయా?"

జడ వేస్తున్నాను. పాయ చేతిలోంచి జారింది. మళ్ళీ మొదటినుంచి అల్లాను.

ఏప్రిల్ 4

ఇలా అవుతుందని ఊహించనైనా లేదు.

నేను రోజూ కడవతో వాగుకి పోవడం ఊరు చూసింది. "గుడిసెలోళ్ళు ముట్టుకున్న బావినీళ్ళు పంతులమ్మకి సయించలేదంట. అందుకే వాగుకి పోతాంది." మూడు వీధులూ అదే మాట. కొందరు నా ముందే నవ్వారు. శేషయ్య భార్య మెచ్చుకున్నట్టు, "ఎంతైనా ఆచారం ఎక్కడికి పోతాదమ్మా" అంది. మెచ్చుకోలు. చెంపమీద కొట్టినా అంత మండేది కాదు.

చెంచమ్మ పిల్ల సుబ్బులు ఇవాళ బడికి రాలేదు.

ఏప్రిల్ 5

చెలమ దగ్గర చెంచమ్మ కాచుకుని ఉంది. ఆమె చేతిలో కడవ లేదు.

"నిజమేనా అమ్మా?"

"ఏది?"

"మేము ముట్టినామనా, నువ్వు ఈడికొస్తా ఉండేది?"

మూర్తికి ఇచ్చిన మాట అక్కడే వదిలేశాను. అంతా చెప్పాను. రాయి, రంగు, ఎర్రచుక్కలు, మర్రిపాడు దారిలో అరుగు మీద మనిషి. చెంచమ్మ ఇసుకలో కూలబడింది. సుబ్బులు తమ్ముణ్ణి తలుచుకుందేమో. వాడికి ఇంకా పాలపళ్ళే.

తలెత్తి అడిగింది. "ఈ మాట ఊరికి చెప్పినావా?"

"ఇంకా లేదు."

"చెప్పబాకమ్మా. మేము ముట్టినాకే ఇసం వచ్చిందంటారు. కొట్టి సంపుతారు."

ఆ ఆలోచన నాకు రానేలేదు. చదువుకున్నదాన్ని, అర్జీలు రాసినదాన్ని… రానేలేదు.

లేస్తూ అంది, "రేపు పొద్దన కాడ్నించి మావోళ్ళని బావికాడికి పోనియ్యను. రెడ్డోళ్ళు ఏందంటే, మాకు ఆ నీళ్ళు పడలేదంటాలే."

ఏప్రిల్ 15

ఈయన కాగితం తెచ్చారు. ఇంట్లోకి రాకుండా గడపలోనే నిలబడి ఇచ్చారు.

ఊరి బావి నీళ్ళు తాగడానికి పనికిరావు. దిగుడుబావీ పనికిరాదు. వాగు చెలమ మంచిది. చెరువుది కాచి తాగొచ్చు.

మందు లేదన్నారట డాక్టరుగారు. పడిన మచ్చ పోదు, వంగింది లేవదు. ఇక తాగకపోతే ఇంకా దిగకుండా ఆగుతుంది. పిల్లకి ఎముకల్లోకి వెళ్ళి ఉండకపోవచ్చు. పోవచ్చు, ఉండకపోవచ్చు… ఆ మాటలే పట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. రాజ్యం వచ్చి మా ఇద్దరి మధ్యా కూర్చుంది. ఎవరు పోయారని అడిగింది.

ఏప్రిల్ 17

చెంచమ్మ వద్దన్నా, పిల్లలు ఆ నీళ్ళే తాగుతుంటే దాచలేకపోయాను. పెద్దరెడ్డి ఇంటి అరుగు. ఊరి పెద్దలంతా. గుడిసెలవాళ్ళు వాకిలి బయట. మూర్తి పటం గోడకి ఆనించి పట్టుకున్నాడు. మద్రాసు కాగితం నేను చదివాను.

చెంచమ్మ చెప్పిందే అయింది. శేషయ్య లేచాడు. "ఇన్నేళ్ళు లేంది ఇప్పుడెట్ట వచ్చింది? ఎవురెవురో ముట్టినాక గదా?" నలుగురు ఊ కొట్టారు. వాకిలి బయట ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

పెద్దరెడ్డి మనిషి మొత్తంగా శేషయ్య వైపు తిరిగాడు.

"నా మెడ బిగుసుకుంది ఎప్పుడురా?"

శేషయ్య అరుగు స్తంభం పట్టుకున్నాడు.

"మా అమ్మ నడుం పడిపోయింది ఎప్పుడు? వాళ్ళు మొన్న వచ్చినారు. నోరు మూసుకోని కూచో."

ఆయన నుంచి ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. ఎవరూ అనుకోలేదు. పటం దగ్గరికి వెళ్ళి, గులాబీ రంగు మీద వేలు పెట్టి, "మా నాయన ఈడ తవ్వించినాడు" అన్నాడు. "ఊరికి మేలు జేస్తా ఉండాననే పోయినాడు." వేలు తీయలేదు చాలాసేపు. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది ఆ మనిషికి.

ఆ తర్వాతే—

"అట్టయితే రేపట్నించి ఊరికి వాగునీళ్ళే. చెలమలన్నీ ఊరికి." ఇదీ ఆయన మాటే. అదే గొంతు, అదే మర్యాద. వాకిలి బయటనుంచి ఎవరో, "మరి మేము?" అన్నారు.

"బావి కావాలని అర్జీ పెట్టుకున్నారు గదా. బావి మీరే తీసుకోండి. ఇంక మావోళ్ళెవురూ దాని జోలికి రారు."

వెటకారం లేదు. న్యాయం చెప్పినట్టే చెప్పాడు. అరుగు మీదున్న వాళ్ళంతా తలలూపారు.

నేనేదో అన్నాను. అరిచానేమో. మూర్తి నా పేరు పిలిచాడు. పటం చుట్టేస్తున్నాడు.

ఏప్రిల్ 19

చెలమల చుట్టూ ముళ్ళకంప వేశారు. బండ్లమీద పీపాలు. ఊరి ఆడవాళ్ళు వరసగా.

ఊరి బావి దగ్గర చెంచమ్మ ఒక్కతే ఉంది. బొక్కెన, గిలక, గట్టు అన్నీ ఆమెవే. తోడటం లేదు. ఊరికే చూస్తోంది.

ఏప్రిల్ 20

కంప పీకబోయాను. పెద్దరెడ్డి పాలేరు అడ్డం వచ్చి, "వద్దు పంతులమ్మా, నాకు కూడు పోతాది" అన్నాడు. ముళ్ళు గీరుకుని చెయ్యంతా నెత్తురు. పెద్దరెడ్డి ఇంటికే పోయాను. ఆయన నా చేయి చూసి పసుపు తెమ్మని లోపలికి కేకేశాడు. కూర్చోమన్నాడు. అన్నీ విన్నాడు.

"ఊరంతా ఎండి చస్తా ఉండాది. నేను ఎవుర్ని చూడాల?"

"అందరినీ."

"అందరికీ చాలవు గదమ్మా."

చివరికి కింది చెలమ ఒక్కటి గుడిసెలకి వదిలాడు. గొడ్లు దిగే రేవు పక్కది.

ఏప్రిల్ 27

గుడిసెల్లో పిల్లలకి విరేచనాలు. సుబ్బులుకీ. కాచి తాగమని చెప్పి వచ్చాను. పుల్లలు ఏరుకొచ్చి వంట చేసుకునేవాళ్ళు నీళ్ళెక్కడ కాస్తారు. ఈయన మందు పంపారు.

ఏప్రిల్ 29

మూర్తి గుడారం ఎత్తేస్తున్నాడు. పైవాళ్ళ ఉత్తర్వు, తర్వాతి క్యాంపు సీతారామపురం. వెళ్ళేముందు నన్నూ చెంచమ్మనీ గుడిసెల వెనక పోరంబోకులోకి తీసుకెళ్ళాడు. ఈ వారమంతా అక్కడే తిరిగాడట. అడుగడుగునా సుత్తితో కొట్టి, రాయి చూసి, పటంలో ఒక సన్నని ఆకుపచ్చ పట్టీ కొత్తగా చేర్చాడు. పలకరాయి. మర్రిపాడు దారిలో జబ్బులేని పల్లె కింద ఉన్న రాయే. పగుళ్ళు బాగా ఉన్నాయి, వాగు దగ్గర గనక నీరు ఊరొచ్చు.

"తప్పకుండా మంచినీళ్ళేనా బాబూ?" చెంచమ్మ.

"తప్పకుండా అనలేనమ్మా. తవ్వితే గాని తెలీదు. తవ్వినా, పరీక్ష చేస్తే గాని తెలీదు. కానీ తవ్వాల్సొస్తే నేనైతే ఇక్కడే తవ్వుతాను."

చెంచమ్మ ఆయన పాదాల దగ్గర నేలని కాలితో తొక్కి చూసింది.

మే 6

సెలవులు. ఈయన మా ఇద్దరినీ ఆత్మకూరు రమ్మన్నారు. ఉదయగిరి దాకా నడిచి, రాజ్యాన్ని ఈయనతో బస్సెక్కించాను. అక్కడ పెన్న నీళ్ళు. బస్సు కిటికీలోంచి నోరు మూసుకుని నవ్వింది. ఎప్పుడు నేర్చుకుంది అలా నవ్వడం…

నేను ఉండిపోయాను.

మే 14

గుడిసెలవాళ్ళు తవ్వుతున్నారు. ఆడా మగా అందరూ. పగలు కూలికి పోయి వచ్చి, పొద్దు వాలాక గడ్డపారలు పడతారు. మట్టి తట్టలు నేనూ మోశాను. నా వల్ల ఎంతవుతుంది. అయినా చేతులు ఊరుకోవడం లేదు.

మే 17

రాయి తగిలింది. ఆకుపచ్చగా, పొరలు పొరలుగా. అచ్చం ఆయన చెప్పినట్టే. చేత్తో పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. పైన గడ్డీ తుమ్మ మొక్కలూ తప్ప ఏమీ లేని నేల. ఆ కుర్రవాడికి ఎలా కనపడింది?

మే 19

పొద్దున్నే ఎడ్లబండి. పెద్దరెడ్డి పంపాడు. రాయి కొట్టే మనుషులు, మోకుతాళ్ళు, నీళ్ళు తోడే కపిల బాన. "మునసబుగారు ఇచ్చి రమ్మన్నారు" అని దించి పోయారు. ఎవరూ అడగలేదు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. చెంచమ్మ ముఖంలో మాత్రం ఏమీ లేదు. మోకు పట్టుకుని చూసి, పక్కన పెట్టింది.

"సాయం చేస్తున్నాడు గదా చెంచమ్మా."

"చేస్తా ఉండాడులే అమ్మా."

మే 25

నీళ్ళు.

మొదట రాతి పొరలోంచి చెమట పట్టినట్టు. తర్వాత సన్నని ధార. లోపలున్నవాళ్ళు అరవలేదు, తట్ట పైకి పంపారు. తట్టలో మట్టి తడిగా ఉంది. చెంచమ్మ అత్త ఆ మట్టి తీసి కళ్ళకద్దుకుంది.

సాయంత్రానికి మోకాటి లోతు. ఊళ్ళోంచి జనం రావడం మొదలైంది. శేషయ్య కూడా. గట్టున నిలబడి తొంగి చూస్తున్నారు.

మే 27

సీసా నింపి ఈయనకి ఇచ్చాను. గుడ్డలో చుట్టి, చేతిలో పట్టుకుని ఉదయగిరి దారి పట్టారు. కబురు వచ్చేదాకా ఎవరూ తాగవద్దని రెండు చోట్లా చెప్పాను. ఊళ్ళోనూ, గుడిసెల్లోనూ.

జూన్ 9

వాగులో చెలమలు అడుగంటాయి. ఊరివాళ్ళకి పీపా నిండటం లేదు. కింది చెలమలో బురదే. కొత్త బావిలో నీళ్ళు నిలువెత్తు, తేటగా, అడుగున రాయి కనిపిస్తూ. తాగేందుకు ఎవరికీ లేవు.

జూన్ 15

పెద్దరెడ్డి వచ్చాడు. గట్టు చుట్టూ మెల్లగా నడిచాడు. మెడ వంగదు గనక లోపలికి చూడలేడు. పాలేరుని అడిగాడు, ఎంతుండాదిరా అని. "ఊరంతటికీ సరిపోతాది సామీ."

ఆయన తల ఊపలేడు. నిలబడ్డాడు.

"గట్టుకి రాతికట్టు కట్టిద్దాం" అన్నాడు నాతో. "ఊరి నుంచి బండిబాట కూడా వెయ్యాల."

జూన్ 22

ఎల్లుండి ఆదివారం. మద్రాసు నుంచి జవాబు వచ్చిందట. ఉదయగిరి నుంచి వచ్చినాయన చెప్పాడు. ఈయనే తెస్తున్నారు. ఏముందో ఆయనకీ తెలియదు, కవరు చింపలేదట.

సాయంత్రం బావి దగ్గరికి వెళ్ళాను. పోరంబోకులో తుమ్మలు కొట్టేసి ఉన్నాయి. ఊరివైపు నుంచి బాటకి గీత గీశారు, సున్నంతో. చెంచమ్మ గట్టున కూర్చుని ఉంది. పక్కన సుబ్బులు పడుకుని ఉంది, ఇంకా తేరుకోలేదు.

"ఎల్లుండి తెలిసిపోతుంది చెంచమ్మా" అన్నాను. ధైర్యం చెబుతున్నట్టే అన్నాను.

ఆమె నీళ్ళవైపే చూస్తూ ఉంది.

"బాగుండాయని వస్తే మాది గాదు అమ్మా ఈ బావి. బాగలేదని వస్తే మాది."

నేను ఏదో అనాలి. పెద్దరెడ్డిని మళ్ళీ అడుగుతాననో, తాసీల్దారుకి మళ్ళీ రాస్తాననో. నోరు తెరిచాను. సుబ్బులు నీళ్ళడిగింది. చెంచమ్మ లేచి కింది చెలమ వైపు వెళ్ళింది.

ఎల్లుండి ఏ కబురు రావాలని కోరుకోవాలో నాకు తెలియడం లేదు.